గోడకు అటు పంపు, ఇటు కిడ్నీ

ముప్పై మూడేళ్లు పశువుల దవాఖానల్లో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యాను. ఇన్నేళ్లలో నేను పరీక్ష చేసిన పేడ సీసాలను వరసగా పేరిస్తే నారాయణఖేడ్ బస్ డిపో నుంచి కల్హేర్ దాకా వస్తాయి. అందులో గొప్ప చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఇప్పుడు ఇదే ఉద్యోగంలో చేరిన పిల్లలు ఎప్పుడైనా కనిపించి "ఏమన్నా చెప్పుండ్రి మేడం" అంటే, చేతులు కడుక్కోండి, సీసా మీద పేరు సరిగ్గా రాయండి అని చెప్పి పంపేస్తుంటాను. చెప్పాల్సింది వేరే ఉంది. చెప్పడానికి ఇన్నాళ్లూ నోరు రాలేదు కాబట్టి రాస్తున్నాను.

ఇది ఒక గొట్టం గురించి, ఒక లెక్కల సారు గురించి. గొట్టం విషయంలో తప్పు నాది. సారు విషయంలో కూడా ఒక తప్పు ఉంది, అదీ నాదే.

రిటైర్మెంటుకు ఇంకా మూడేళ్లు ఉందనగా, నారాయణఖేడ్‌లో మా దవాఖాన వెనక ఖాళీగా పడి ఉన్న పాత మందుల గదిలోకి ఒక డాక్టరమ్మ దిగింది. పట్నంలో పశువైద్యం చదివి పరిశోధన చేస్తోంది. ముప్పై ఇంకా నిండలేదు. ఎప్పుడు చూసినా ఆకలితో ఉన్నట్టు కనిపించేది, నిజంగానే తిండి మరిచిపోయేది. ఆమె పని ఏమిటంటే, మేక కిడ్నీని ఒంట్లోంచి తీశాక కూడా కొన్ని గంటలపాటు బల్ల మీద బతికించి, అది ఎలా పనిచేస్తుందో కొలవడం.

"పట్నంలనే చేసుకోవచ్చు గదమ్మా, గీ ఎండలకు ఎందుకొచ్చినవ్?" అని మొదటిరోజే అడిగాను.

"పట్నంల మేకను కోసిన కాడికెళ్లి ల్యాబ్‌కు తెచ్చేసరికి గంట పడ్తది అక్కా. ట్రాఫిక్‌లనే కిడ్నీ సచ్చిపోతది. ఈడైతే ఐదు నిమిషాలు."

నిజమే. మనూర్, కల్హేర్ దిక్కు నుంచి మా సంతకు మేకలు దండిగా వస్తాయి. మేకలు కోసే షెడ్డు మా దవాఖాన వెనక వీధిలోనే. డాక్టరమ్మ తెల్లారగానే వెళ్లి, అక్కడ మేకలు కోసే ముసలాయన, అందరూ చిచ్చా అంటారు, ఆయన పక్కన కూర్చునేది. కిడ్నీ బయటికి రాగానే చల్లటి ఉప్పునీళ్ల డబ్బాలో వేసుకుని స్కూటీ మీద తెచ్చేది. ఇంత చదువుకుని కూర కోసం అందరికంటే ముందు లైన్ కట్టిందేంది అని చిచ్చా మొదట్లో నవ్వేవాడట.

సాయానికి నన్ను వేశారు. ఈ వయసులో నాకెందుకు ఈ గోల అని గొణిగాను. గొణుగుడు నాలుగు రోజులే. గోరువెచ్చటి నీళ్ల తొట్టిలో ద్రావణం సీసా పెట్టి, పంపుతో ఆ ద్రావణాన్ని గొట్టంలోకి నెట్టేవాళ్లం. పంపు పక్కనే ఒత్తిడి చూపే గేజి ఉండేది. గొట్టం చివర సన్నటి గాజు ముక్కు. దాన్ని కిడ్నీ రక్తనాళంలోకి దూర్చి, డాక్టరమ్మ దారంతో ముడి వేసేది. వెంట్రుకంత నాళానికి ఆమె వేసే ఆ ముడి చూసి తీరాలి. మొదటిసారి, శరీరం లేని కిడ్నీ నుంచి మూత్రం ఒక చుక్క ఊరి, గాజు గిన్నెలో టప్పున పడింది. నేను చూసిన మూత్రం సీసాలు ఎన్ని వేలో లెక్కలేదు, అయినా ఆ ఒక్క చుక్కకు నా ఒళ్లు జలదరించింది. "అక్కా, బతికే ఉంది!" అని ఆమె నా చెయ్యి పట్టుకుంది. ఆ రోజు నుంచి నేను ఆమె మనిషిని.

మామూలు ద్రావణం నీళ్లంత పలుచగా ఉండేది. దానితో నడిపితే కాసేపటికి కిడ్నీ నీరు పట్టి వాచిపోయేది. డాక్టరమ్మ అందుకని గంజిలాంటి ఒక పదార్థం కలిపి చిక్కటి ద్రావణం ఒకటి తయారు చేసింది. దానితో నడిపితే కిడ్నీ వాయదని, ఎక్కువసేపు బాగుంటుందని ఆమె నమ్మకం. ఎప్పటికైనా అది మనుషుల కిడ్నీలను ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి చేర్చేటప్పుడు పనికొస్తుందని ఆశ. ఆమె మూడేళ్ల చదువు మొత్తం ఆ చిక్కటి ద్రావణం మీదే నిలబడి ఉంది.

గేజి చూపే అంకెలో కొంత గొట్టానిది, మిగతాది కిడ్నీది. గొట్టం వాటా తీసేస్తేనే కిడ్నీ సంగతి తెలుస్తుంది. ఇది మాకూ తెలుసు, మేమేం అంత అమాయకులం కాదు. మొదటి వారంలోనే కిడ్నీ లేకుండా ఉత్త గొట్టంలో నీళ్లు నడిపి చూశాం. గేజి నాలుగు చూపించింది. నేనే గోడ మీద మార్కర్‌తో పెద్దగా నాలుగు వేసి చుట్టూ సున్నా చుట్టాను. అప్పటి నుంచి ప్రతి లెక్కలో నాలుగు తీసేయడమే. నీళ్లతో ఎందుకు, చిక్కటి ద్రావణంతోనే నడిపి చూద్దామని డాక్టరమ్మ ఒకసారి అంది. నేనే వద్దన్నాను. ఆ ద్రావణం ఒక్క సీసా చేయడానికి రోజంతా కలపాలి, వడగట్టాలి. బియ్యం కడిగిన నీళ్లు కూడా పారబోయకుండా కుడితి తొట్టిలో పోసే ఇళ్లలో పుట్టినవాళ్లం. రోజంతా చేసినదాన్ని ఖాళీ గొట్టంలో పోయాలంటే నాకు ప్రాణం ఒప్పలేదు. "నీళ్లైతే ఏంది, మందైతే ఏంది మేడం, గొట్టం గొట్టమే గదా" అన్నాను. ఆమె కూడా పల్లెలో పెరిగిన పిల్లే. సరే అంది.

ఎండాకాలం వచ్చింది. పంపు అదురుకు బల్ల అదిరేది, బల్ల మీద కిడ్నీ వణికేది, గాజు ముక్కు ఊడి వచ్చేది. డాక్టరమ్మ ఏదో పరీక్ష రాయడానికి వారం రోజులు పట్నం వెళ్లింది. ఆమె వచ్చేలోగా ఈ అదురు సంగతి తేల్చాలని పట్టుబట్టాను. పంపు, నీళ్ల తొట్టి, గేజి మూడింటినీ గోడ అవతలి వరండాలోకి మార్చి, ఎప్పుడో కూలర్ పైపు కోసం కొట్టిన కన్నంలోంచి గొట్టం గదిలోకి లాగాను. పాత గొట్టం చాలలేదు. స్టోరులో ఆవులకు సెలైన్ ఎక్కించే గొట్టాలు ఉన్నాయి, అవి సన్నవి. మధ్యలో ఆ సన్న గొట్టం వేశాను. అతుకులకు డ్రిప్పు పైపుల దుకాణంలో కనెక్టర్లు దొరికాయి. దారిలో ద్రావణం చల్లారకుండా, అతికించినంత మేర పాత గొంగడి పీలిక చుట్టి కుట్టేశాను. పైకి కనిపించే రెండు కొసలూ పాత లావు గొట్టమే. లోపల ఏముందో నాకూ ఆ గొంగడికీ తప్ప ఎవరికీ తెలియదు.

డాక్టరమ్మ తిరిగి వచ్చి చూసి పొంగిపోయింది. "నువ్వు ఇంజినీరు కావాల్సినదానివి అక్కా" అంది. నేను నోట్‌బుక్కులో, పంపు వరండాలోకి మార్చడమైనది అని గుండ్రటి అక్షరాలతో రాశాను. గొట్టం మార్చిన మాట రాయలేదు. గొట్టం కూడా ఒక సామానేనా రాయడానికి అనుకున్నాను.

ఆ తర్వాత పలుచటి ద్రావణానికి కూడా అంకెలు కొంచెం పెరిగాయి. ఎండకు మేకలకు నీళ్లు చాలక కిడ్నీలు బిగుసుకుంటున్నాయని ఇద్దరం తీర్మానించుకున్నాం. అసలు దెబ్బ చిక్కటి ద్రావణంతో తగిలింది. అది ఎక్కించినప్పుడల్లా గేజి వంద దాటేది. అంటే కిడ్నీలోని నాళాలు ముడుచుకుపోతున్నాయి, అంటే ఈ ద్రావణం కిడ్నీకి పడటం లేదు. గేజి ప్రకారం అర్థం అదే. కానీ పని అయ్యాక వేలితో నొక్కి చూస్తే, పలుచటి ద్రావణంలోని కిడ్నీ పచ్చి జామకాయలా గట్టిపడి ఉండేది, చిక్కటి ద్రావణంలోది మెత్తగా ఉండేది. మూత్రం కూడా అదే చక్కగా ఇచ్చేది. ఆ మాట నేనంటే, డాక్టరమ్మ పట్నంలోని తన గైడుకు ఫోన్ చేసి చెప్పింది. స్పీకర్లో ఆయన గొంతు ఇప్పటికీ గుర్తుంది.

"మీ టెక్నీషియన్ వేలి మీద థీసిస్ రాస్తావా అమ్మా? గేజి ఏం చెబితే అదే రాయి. పది రోజుల్లో సమీక్ష ఉంది. ఈ ద్రావణం పనికిరాదని రాసి ముగించు. గది కూడా ఖాళీ చేసెయ్."

ఫోన్ పెట్టేశాక ఆమె చాలాసేపు గోడ మీది నాలుగు అంకెను చూస్తూ కూర్చుంది. "మూడేళ్లు అక్కా" అంది, అంతే.

ఆ మర్నాడే లెక్కల సారు మేకను పట్టుకొచ్చారు. డిగ్రీ కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఇంట్లో దక్కనీ ఉర్దూ, బయట మా అందరికంటే మంచి తెలుగు. నారాయణఖేడ్‌లో సగం మంది ఆయన చేతిలో సున్నాలు తిన్నవాళ్లే. మనూర్ దిక్కు మూడెకరాల్లో డ్రిప్పు వేసి మిరప పండిస్తారు. మేకకు కడుపుబ్బరం. మందు పట్టించి, అది తగ్గేదాకా వరండాలో కూర్చోమన్నాం. ఊరికే కూర్చునే మనిషి కాదు కదా, లేచి పంపు చుట్టూ తిరగడం మొదలుపెట్టారు.

"చెల్లె, గీ గేజి కిడ్నీ కోసమేనా?"

"అవును సార్."

"కిడ్నీ ఏడుంది?"

"లోపల గదిల."

"అంటే మోటరు కాడ గేజి పెట్టుకొని, పొలం ఆఖరు సాలుకు నీళ్ల జోరెంతుందో చెప్తున్నరన్నమాట."

నాకు ఒళ్లు మండింది. "మేక పొట్ట తగ్గింది సార్, ఇంటికి తోలుకపోండ్రి" అన్నాను. ఆయన నవ్వారు. కానీ ఆ మాట కన్నంలోంచి గదిలోకి వినబడింది. డాక్టరమ్మ బయటికి వచ్చి "సార్, ఇంకొకసారి చెప్పండి" అంది.

"మా పొలంల మోటరు కాడ గేజి మస్తు సూపెడ్తది. ఆఖరు సాలు చెట్లు ఎండుతయి. నడుమల ఒత్తిడి అంత పైపే తింటది బిడ్డా. పైపెంత పొడుగైతే గంత తింటది. ఎంత చిక్కటిది పోస్తే గన్నింతలు తింటది. ఇగ పైపు సన్నగైతే అడగొద్దు. లోపలి వెడల్పు సగమైతే రెండింతలు గాదు, పదహారింతలు తింటది."

డాక్టరమ్మ మొహం ఎర్రబడింది. "ఈ సూత్రం నేను పరీక్షలో రాసి పాసైనాను సార్" అంది మెల్లగా. నాలుగు అంకె వేసింది నీళ్లతో అని అప్పుడే ఇద్దరికీ తట్టింది. నేను గోడ వైపు చూడలేకపోయాను.

సారు రెండు రోజులు వచ్చారు. నీళ్లు ఒకసారి, చిక్కటి ద్రావణం ఒకసారి ఒకే గాజు గొట్టంలోంచి కారనిచ్చి, గడియారం చూసుకుంటూ ద్రావణం నీళ్లకంటే మూడున్నర ఇంతలు చిక్కన అని తేల్చారు. గొట్టం పొడుగు తాడుతో కొలిచారు. విత్తనాల కంపెనీ క్యాలెండర్ కాగితం వెనక లెక్కంతా రాశారు. చివరికి నన్ను అడిగారు.

"గొట్టం లోపలి వెడల్పెంత చెల్లె?"

పాత గొట్టం పెట్టె మీద ఉన్న అంకె చెప్పాను. "ఐదు మిల్లీమీటర్లు సార్."

మరిచిపోయి అలా చెప్పానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. మరిచిపోలేదు. గొంగడి లోపల ఏముందో చెబితే, అడగకుండా ఎందుకు మార్చావంటారు, నోట్‌బుక్కులో ఎందుకు రాయలేదంటారు. పని తెలిసిన మనిషి అని ముప్పై ఏళ్లుగా పేరు. ఆ ముక్కంత సన్న గొట్టానికి ఏమంత తేడా వస్తుందిలే అని సర్దిచెప్పుకున్నాను. పదహారింతలు అని ఆయన అన్న మాట చెవిలో మోగుతూనే ఉంది.

ఐదు మిల్లీమీటర్లతో లెక్క వేస్తే గొట్టం వాటా పన్నెండు దాటలేదు. గేజి వంద దాటుతుంటే, అందులో పన్నెండు ఒక మూలకు కూడా రాదు. ఉత్త గొట్టంలో చిక్కటి ద్రావణం నడిపి చూద్దామని సారు అన్నారు. ద్రావణం ఒకే ఒక్క సీసా మిగిలింది, అందులో కలిపే పదార్థం సమీక్ష లోపల రాదు. డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. "గొట్టం దోషం లేదు సార్. నా ద్రావణానిదే. మీకు శ్రమ ఇచ్చాను" అని, ద్రావణం పనికిరాదని గైడుకు ఉత్తరం రాసుకోవడానికి లోపలికి వెళ్లిపోయింది.

సారు వెళ్లలేదు. వరండాలో బెంచీ మీద కూర్చుని మా నోట్‌బుక్కు మొదటి పేజీ నుంచి తిరగేశారు. గంట తర్వాత నన్ను పిలిచి ఒక పేజీ మీద వేలు పెట్టారు.

"గీ దినం కాడికెళ్లి పలుచటి మందుకు గూడ అంకెలు తొమ్మిది ఎక్కువొస్తున్నయి."

"ఎండకు సార్. మేకలకు నీళ్లు తక్కువైనయి."

"మేకలన్నీ ఒక్కటే దినం, ఒక్కటే లెక్కన మారుతయా చెల్లె? జీవమన్నంక ఒకటి ఐదు మారాలె, ఒకటి ఇరవై మారాలె, ఒకటి మారకనే పోవాలె. పంపు జోరు పెంచినప్పుడల్లా గీ ఎక్కువ గూడ సరిగ్గ గంతే లెక్కన పెరుగుతున్నది. గిట్ల మారేది జీవం గాదు, సామాను."

ఆ పేజీ మీద నా గుండ్రటి అక్షరాలే ఉన్నాయి. పంపు వరండాలోకి మార్చడమైనది.

సారు నోట్‌బుక్కు మూసి నా చేతిలో పెట్టారు. "ఏం మారిందో, ఎవరు మార్చిండ్రో నేను అడుగుతలేను. నా నోట్లెకెళ్లి వస్తే అది చాడీ అయితది. నీ నోట్లెకెళ్లి వస్తే పని అయితది. రేపు పొద్దుగాల పదింటికి వస్త" అన్నారు. గేటు బయట మనూర్ ఆటో ఎక్కి వెళ్లిపోయారు.

ఇంటికి పోతూ దారి పొడుగునా ఆయన్ను తిట్టుకున్నాను. మేకను పట్టుకొచ్చిన మనిషి మేకను పట్టుకుపోక, నా నోట్‌బుక్కు ఎందుకు చదవాలి? అన్నం సయించలేదు. కోపం దిగిపోయాక మిగిలింది ఒక్కటే. ఆ పిల్ల ఉత్తరం రాస్తోంది. నేను నోరు మూసుకుంటే నా పేరు నిలబడుతుంది, ఆమె మూడేళ్లు పోతాయి. ఇంత చిన్న లెక్కకు నాకు ఏ సారూ అక్కర్లేదు.

మర్నాడు తొమ్మిదింటికే దవాఖానకు వెళ్లాను. డాక్టరమ్మ సామాను అట్టపెట్టెల్లో సర్దుతోంది. ముందుమాటలేమీ పెట్టుకోలేదు, పెట్టుకుంటే చెప్పలేనని తెలుసు.

"మేడం, గొంగడి లోపల సెలైన్ గొట్టముంది. నువ్వు పట్నం పోయినప్పుడు నేనే ఏసిన. రాయలే. నిన్న సారుకు గూడ అబద్ధం చెప్పిన."

ఆమెకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక చేతిలోని పెట్టె కింద పెట్టింది.

"మూడు నెలలు అక్కా! మూడు నెలలు నేను ఆ అంకెలు చూసి ఏడ్చిన, నువ్వు పక్కనే ఉన్నవ్!"

ఆమె కిటికీ వైపు తిరిగి నిలబడింది. కాసేపటికి తిరిగి కత్తెర నా చేతికిచ్చింది. "కొయ్యి" అంది. వరండాలో కూర్చుని గొంగడి కుట్లు ఒక్కొక్కటే తెంపాను. నేనే ఎంత గట్టిగా కుట్టానో అప్పుడు తెలిసింది.

సరిగ్గా పదింటికి సారు వచ్చారు. బల్ల మీద విప్పి పెట్టిన సన్న గొట్టం చూశారు. డాక్టరమ్మ సంగతంతా చెప్పింది. నేను తల వంచుకుని నిలబడ్డాను. సారు కళ్లు పెద్దవి చేసి "అట్లనా! నడుమల గిది ఉన్నదా? నేను అనుకోనే లేదు" అన్నారు. ఏ నాటకంలోనూ అంత బాగా ఎవరూ నటించి ఉండరు. నేను తలెత్తి ఆయన వైపు చూస్తే, ఆయన నా వైపు చూడనే లేదు, గొట్టాన్ని వెలుతురుకు పెట్టి చూస్తున్నారు.

సెలైన్ గొట్టం లోపలి వెడల్పు కొలవడానికి మా దగ్గర సాధనం లేదు. సారు దాన్ని నిండా నీళ్లతో నింపమన్నారు. ఆ నీళ్లను మా తక్కెడలో తూచమన్నారు. బరువు తెలిస్తే ఎన్ని నీళ్లో తెలుస్తుంది, పొడుగు తెలుసు కాబట్టి వెడల్పు వచ్చేస్తుంది. మూడు మిల్లీమీటర్లు. ఇంత తేలిక సంగతి ముప్పై ఏళ్లు తక్కెడ ముందు కూర్చున్న నాకు తట్టలేదు. మళ్లీ లెక్క వేశారు. లావు గొట్టం వాటా వేరే, సన్న గొట్టం వాటా వేరే, గాజు ముక్కు వాటా వేరే. మొత్తం ఎంతో మాకు చెప్పకుండా చీటీ మీద రాసి, మడిచి, తక్కెడ రాయి కింద పెట్టారు.

"ఇగ ఉత్త గొట్టంల చిక్కటి మందు నడుపుండ్రి."

"ఒక్కటే సీసా ఉంది సార్" అంది డాక్టరమ్మ.

"కొస కాడ కడిగిన గిన్నె పెట్టు బిడ్డా. అట్లనే పట్టుకొని మళ్ల వాడుకో. ఏడికి పోతది?"

డాక్టరమ్మా నేనూ ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. ఇన్ని నెలలు కుడితి తొట్టి గురించి ఆలోచించాను గానీ, కింద గిన్నె పెట్టాలని ఆలోచించలేదు.

గొట్టం మళ్లీ ఉన్నదున్నట్టు బిగించాం. వాళ్లిద్దరూ గదిలో, నేను వరండాలో గేజి దగ్గర. పంపు వేశాను. ముల్లు లేచింది, ఊగింది, నిలిచింది. కన్నంలో నోరు పెట్టి అరిచాను.

"నలభై ఐదు!"

అవతల చప్పుడు లేదు. మళ్లీ అరిచాను. అప్పటికీ జవాబు లేకపోతే భయమేసి గదిలోకి పరిగెత్తాను. డాక్టరమ్మ చేతిలో విప్పిన చీటీ ఉంది. అందులో నలభై నాలుగు అని ఉంది. ఒక మనిషి క్యాలెండర్ కాగితం వెనక కూర్చుని వేసిన లెక్క, గోడ అవతల ముల్లును అక్కడికి తెచ్చి నిలబెట్టింది. నాకు ఆయన కాళ్లకు దండం పెట్టాలనిపించింది. ఆయన మాత్రం "ఒకటి తేడా ఎందుకొచ్చింది?" అని చిరాకు పడుతున్నారు.

ఇన్నాళ్లూ నాలుగు తీసేస్తున్న చోట నలభై ఐదు తీసేస్తే, చిక్కటి ద్రావణంలో కిడ్నీ ఒత్తిడి అరవై. పలుచటి దానిలో గొట్టం వాటా తీసేసినా డెబ్బై పైనే. ముడుచుకున్నది కిడ్నీ కాదు. మర్నాడు సంత నుంచి వచ్చిన మేక కిడ్నీకి ఆనించి గేజి పెట్టి, గిన్నెలో పట్టి ఉంచిన ఆ ద్రావణమే నడిపాం. ముల్లు అరవై రెండు దగ్గర నిలబడింది. పని అయ్యాక డాక్టరమ్మ నా చెయ్యి పట్టుకుని నా వేలినే కిడ్నీ మీద పెట్టించింది. మెత్తగా ఉంది. ఇద్దరం ఏడ్చాం, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. మిగిలిన వారమంతా ముగ్గురం కూర్చుని, గొట్టం మారకముందు ఒక లెక్క, మారిన తర్వాత ఒక లెక్కగా పాత అంకెలన్నీ సరిచేశాం.

సమీక్షకు డాక్టరమ్మ మమ్మల్నిద్దర్నీ రమ్మంది. డిపోలో పొద్దుటి బస్సెక్కి పట్నం వెళ్లాం. హాల్లో వెనక వరసలో కూర్చున్నాం. ఆమె బాగా చెప్పింది. చివర్లో తెల్లజుట్టు పెద్దాయన ఒకరు లేచి, గొట్టం మార్చిన సంగతి నోట్‌బుక్కులో లేదు కదా, మరి మీకెలా తెలిసింది అని అడిగారు.

"మా టెక్నీషియన్ అక్క చెప్పింది సార్. ఎవరూ అడగకముందే, తనంతట తనే వచ్చి చెప్పింది. అంత నిజాయితీ నేను ఎక్కడా చూడలేదు. అదిగో, వెనక కూర్చుంది."

అందరూ తిరిగి చూశారు. చప్పట్లు మొదలయ్యాయి. లేచి నిలబడి దండం పెట్టాను. ఇంకేం చేయాలో తెలియలేదు.

తిరుగు బస్సు జోగిపేట దాటింది. ఆ తర్వాత అడిగాను. "సార్, ఆ రోజు నేను చెప్పకపోతే మీరు చెప్పేటోళ్లా?"

ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పారు.

"పదింటికి వస్త అన్న గాని, మనసు ఆగలే చెల్లె. తొమ్మిదిన్నరకే వచ్చి గేటు కాడ నిలబడ్డ. వరండల నువ్వు గొంగడి కోస్తున్నవ్. అది సూసి, పోయి చాయ్ తాగిన."

డాక్టరమ్మ ఇప్పుడు వేరే రాష్ట్రంలో పెద్ద ఉద్యోగంలో ఉంది. కొత్తగా చేరిన వాళ్లకు నా కథ చెబుతానని పోయిన నెల కూడా ఫోన్లో అంది. నేను ఎప్పటిలా నవ్వి ఊరుకున్నాను. ఇది అచ్చయ్యాక ఆమెకే ముందు పంపుతాను. తల్లీ, ఆ కథలో 'ఎవరూ అడగకముందే' అన్న ముక్క కొట్టేయి. గొట్టం వెడల్పెంతని అడిగినాయన ఆ రోజు హాల్లో నా పక్కనే కూర్చుని, అందరికంటే ముందు చప్పట్లు కొట్టారు.